ఎండకూడని బాల్చీ

ఫిన్లాండులోని హౌకిలహ్తి అనే ఊళ్ళో ఉల్పు వైసానెన్ అనే ఆవిడ కాఫీకి పిలిచిందంటే జనం ముందు మేజోళ్ళు మార్చుకునేవారు. బూట్లు గుమ్మం దగ్గర విప్పడం ఎవరింట్లోనైనా ఉన్నదే. ఉల్పు ఇంట్లో మాత్రం, విప్పిన మరుక్షణం ఆవిడ చూపు సరాసరి మడమల మీదికి దిగేది. అక్కడ ఓ మరక కనిపించినా నోటితో ఏమీ అనేది కాదు. ముక్కు మాత్రం ఒక పక్కకి ముడుచుకునేది. ఆ ముడతకి ఊరంతా జడిసేది, పాస్టరుతో సహా.

పెళ్ళికి ముందునుంచీ పింఛను వచ్చేదాకా ఊరి బడిలో నేలలు తుడిచింది ఉల్పు. బల్లల కింద పిల్లలు అంటించిన చూయింగ్ గమ్ము, గోడలకి పూసిన చీమిడి, మరుగుదొడ్ల అంచుల్లో పచ్చగా గట్టిపడ్డ సంగతులు, ఇవన్నీ గోకి గోకి ఆవిడకి మనుషుల మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మనిషంటే కారేది, రాలేది, కంపు కొట్టేది. పెద్దవాడైతే ఆ పని చాటుగా చేస్తాడు, అంతే తేడా.

అలాంటావిడకి దొరికిన మొగుడు తాయిస్తో. దుంగల లారీ నడిపి రిటైరైనవాడు. నోట్లో పైపు, కాళ్ళ దగ్గర ముర్రి అనే ముసలి కుక్క, చొక్కా చేతులకి ఎప్పుడూ చేప పొలుసులు. సరస్సులో పట్టిన చేపల్ని వంటింటి తొట్టిలోనే శుభ్రం చేసేవాడు. పొలుసులు ఎగిరి కుళాయికి అంటుకుని ఎండిపోయేవి. వాటిని గోటితో గీకుతున్నప్పుడల్లా ఉల్పు, "పందితో కాపురం చేసినా ఇంతకంటే నయం," అనేది. "పంది లారీ నడపదుగా," అనేవాడు తాయిస్తో, పైపు తీయకుండానే.

ఆ ఇంట్లో ఉల్పు ముక్కు ముడవని చోటు ఒక్కటే, సరస్సు ఒడ్డున ఉన్న సౌనా. చెక్క గది, కట్టెల పొయ్యి, పొయ్యి మీద కాలే రాళ్ళు, ఆ రాళ్ళ మీద గరిటెతో నీళ్ళు చల్లితే భుస్సుమని లేచే ఆవిరి. ఆవిడ పుట్టింది అలాంటి గదిలోనే. వాళ్ళమ్మ చనిపోతే కడిగిందీ అక్కడే. సౌనాలో మురికి ఉండడమేమిటి, మురికి వదిలించుకునేదే అక్కడైతే!

పొయ్యి పక్కన ఉండే చెక్క బాల్చీ ఆవిడ తండ్రి ఈమెలి చేతి పని. బాల్చీలు, తొట్లు కట్టి బతికినవాడాయన. కూతురి పెళ్ళికి పైన్ చెట్టు చెక్కలు ఏరి, చక్కటి బాల్చీ ఒకటి కట్టి ఇచ్చాడు. ఇస్తూ రెండు ముక్కలు చెప్పాడు. దీన్ని ఎప్పుడూ ఎండనివ్వకు, చెక్కలు ముడుచుకుని నీళ్ళు కారిపోతాయి. లోపల సబ్బు తగలనివ్వకు, చెక్క సబ్బు తాగిందంటే ఇక ఆవిరంతా సబ్బు వాసనే. తండ్రి మాట ఉల్పుకి శిలాశాసనం. బాల్చీ ఎప్పుడూ నిండుగానే ఉండేది. తగ్గినప్పుడల్లా సరస్సు నీళ్ళతో నింపేది. బయటివైపు మైనం రాసి మెరిపించేది.

దగ్గు ఆ ఏడు ఆకులు రాలేవేళ పట్టుకుంది. మొదట జలుబన్నారు. జలుబు పోయింది, దగ్గు ఉండిపోయింది. పొడిగా, కీచుమంటూ, కుక్క మొరిగినట్టు దగ్గేది. తర్వాత కఫం కట్టి గళ్ళ పడడం మొదలైంది. ఇన్నాళ్ళూ చర్చిలో మగవాళ్ళు గొంతు సవరించుకుంటే ఒళ్ళు జలదరించి తల పక్కకి తిప్పుకున్న ఉల్పుకి, తన గొంతులోంచి జిగురు తాడులా ఒకటి ఊడి రావడం చూస్తే ప్రాణం చచ్చిపోయింది. కాగితంలో ఉమ్మేది. కాగితం మడిచి సంచిలో వేసేది. సంచిని ఇంకో సంచిలో పెట్టి పొయ్యిలో కాల్చేది. చేతులు తోమి తోమి వేళ్ళ సందులు పగిలిపోయాయి.

చర్చి హాల్లో కాఫీ వేళ పక్కింటి లెంపి ఓ పని చేసింది. ఉల్పు దగ్గబోయేసరికి కేకు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. కాని ముక్కు ముడిచింది. ఊరందరినీ భయపెట్టిన ఆ ముడత తనమీదికే తిరిగొచ్చేసరికి ఉల్పు కాఫీ పూర్తి చెయ్యకుండా లేచి ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఆ హాలు గడప తొక్కలేదు.

పాపం లెంపి కూడా ఊరుకోలేదు లెండి. మర్నాడు ఉల్లిపాయలు వేసి మరగబెట్టిన పాలు సీసాలో పోసుకొచ్చింది. తెల్లగా తేలే పాల మీగడ, దాంట్లో మెత్తబడి వేలాడే ఉల్లిపొరలు. "గుటుక్కున తాగెయ్యవే, మా అమ్మమ్మ దీంతోనే తొంభై దాటింది," అంది. ఉల్పు ఒక గుక్క మింగింది. అది దిగినంత వేగంగానూ పైకొచ్చింది. "మీ అమ్మమ్మ చచ్చింది కూడా దీంతోనే అయ్యుంటుంది," అని సీసా ఇచ్చేసింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ సోయిని ఓపికగలవాడు. కిటికీ గట్టు మీద దుమ్ము ఉందని ఉల్పు గమనించింది, అయినా చెప్పింది విన్నది. ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. అందులో ఏమీ లేదు. "ఉల్పు గారూ, దగ్గు రెండు నెలలు దాటితే ఎక్కువమందిలో నాలుగైదు చోట్లే వెతుకుతాం. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడదాం," అన్నాడు.

మొదట ముక్కు. ముక్కు వెనకనుంచి చీమిడి గొంతులోకి కారుతుందేమోనని ముక్కులో కొట్టుకునే మందిచ్చాడు, ఉప్పునీళ్ళతో కడగమన్నాడు. ఒక ముక్కులో పోసిన నీళ్ళు రెండోదాంట్లోంచి తీగలు సాగుతూ వస్తుంటే ఉల్పు కళ్ళు మూసుకుని, రోజూ చేసింది. దగ్గు తగ్గలేదు. తర్వాత రక్తపోటు మాత్ర. ఆ రకం మాత్ర కొందరికి పొడిదగ్గు తెస్తుందని వేరేది రాశాడు, తేడా తెలియడానికి వారాలు పడుతుందన్నాడు. వారాలు పోయాయి, దగ్గు పోలేదు. ఆ తర్వాత కడుపు. పుల్లటి రసం రాత్రుళ్ళు గొంతుదాకా ఎగదన్నుతుందేమోనని దానికో మాత్ర, మంచం తలవైపు కాళ్ళ కింద చెక్కదిమ్మలు, సాయంత్రం కాఫీ బంద్. ఫిన్లాండులో సాయంత్రం కాఫీ మానెయ్యమనడం ఊపిరి మానెయ్యమనడమే. అయినా మానేసింది. పొద్దున్న లేచేసరికి పక్క వాలులో జారి మంచం కాళ్ళవైపు ముద్దగా పడుండేది, దగ్గుతూనే. చివరికి ఉబ్బసమేమోనని పీల్చే మందు. పీల్చాక నోట్లో తెల్లపూత లేచింది. నోరు పుక్కిలించమని చెప్పారు, ఈవిడేమో దగ్గు తెరలో మర్చిపోయింది. నాలిక అద్దంలో చూసుకుని ఆ పూట అన్నం మానేసింది.

"సౌనా చేస్తున్నారా?" అనడిగాడు సోయిని ఒకసారి.

"ఇంతకుముందు వారానికి రెండుసార్లు. ఇప్పుడు రోజూ. ఆవిరి తగిలితే గొంతు కాస్త విప్పుకుంటుంది."

"మంచిది, మానకండి," అన్నాడు. ఆయనా ఫిన్లాండు తల్లి పాలు తాగినవాడే కదా.

సౌనాలో మెట్లలా రెండు బల్లలుంటే, ఆవిరి బాగా తగిలే పై బల్ల రోజూ ఎక్కి కూర్చుని, గరిట మీద గరిట పోసుకుని, ఆవిరి గుండెనిండా లాగేది ఉల్పు. తాయిస్తో కింది బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. నీళ్ళు చల్లడం ఎప్పుడూ ఆవిడ పనే. "ముసలి పిల్లిలా అక్కడ నక్కావేం? పైకి రా," అంటే, "ఇక్కడే బాగుంది," అనేవాడు. ఆ తర్వాత పడుకున్న కొన్ని గంటలకి ఆవిడకి చలి పుట్టి వణుకొచ్చేది, ఒళ్ళు కాలేది, దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చేది. కళ్ళు తెరిస్తే పక్కన ఎవరు? నోరు తెరుచుకుని గురక పెడుతూ, మీసాల్లో పొగాకు కంపుతో తాయిస్తో. మంచం కింద తడి బొచ్చు వాసనతో ముర్రి.

ఇంక ఆలోచించేదేముంది? దోషి పక్కలోనే దొరికాడు.

"నీ పైపు, నీ కుక్క, నువ్వు. ముగ్గురూ బయటికి," అంది ఒక ఉదయం.

తాయిస్తో కాఫీ కప్పు దించాడు. "బయటికంటే?"

"పెరట్లో కొట్టు గది ఉందిగా. పొయ్యి కూడా ఉంది. పాతకాలంలో ధాన్యం పోసేవాళ్ళు, ఇప్పుడు నిన్ను పోస్తా."

"మంచు కురుస్తోంది ఉల్పూ."

"నా ఊపిరితిత్తుల్లో నీ బొచ్చు కురుస్తోంది!"

తాయిస్తో దుప్పటి భుజాన వేసుకుని, కుక్కని ఈలవేసి పిలిచి, మంచులో నడిచి వెళ్ళిపోయాడు. ఉల్పు పరుపు ఉతికింది, తివాచీలు మంచులో పరిచి బాదింది, గోడలు కడిగింది. దగ్గు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది. పైగా మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. చలికాలం చివరికి బట్టలన్నీ వదులైపోయాయి.

అప్పుడు సోయిని ఆవిడని నగరంలో పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరమ్మ సన్నని ముక్కలుగా చూపించే స్కాను తీయించింది. మామూలు ఎక్స్‌రేలో కనపడనిది ఇందులో కనపడింది. ఊపిరితిత్తుల నిండా మసక, అద్దం మీద ఊదినట్టు.

"మీరు పీల్చే గాలిలో ఏదో ఉంది. మీ ఒంటికి అది పడట్లేదు," అంది డాక్టరమ్మ. "పావురాలు పెంచుతారా?"

"ఛీ!"

"బూజు పట్టిన గడ్డి తిరగేస్తారా?"

"ఆవులు మానేసి యుగాలైంది."

"ఇంట్లో బూజు?"

ఉల్పు కుర్చీలోంచి సగం లేచింది. "బూజా? నా ఇంట్లోనా? అమ్మాయీ, నువ్వు కూర్చున్న ఈ నేల కంటే నా పశువుల కొట్టం గచ్చు శుభ్రంగా ఉంటుంది. నా ఇంట్లో మురికంటే ఒక్కటే, దాని పేరు తాయిస్తో!"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది ఇలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడి తోలులా అయిపోతాయి. ఆ తర్వాత మందులకి లొంగవు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో బతకాలి. కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి. ఇక్కడ తగ్గి, ఇంటికెళ్ళాక తిరగబెడితే, దోషం ఇంటి దగ్గరే ఉన్నట్టు."

తగ్గింది! ఆసుపత్రి అన్నం, పక్క మంచం ముసలమ్మ ఉమ్మి గిన్నె, సౌనా లేక చెమట వాసన కొడుతున్న తన ఒళ్ళు, ఇన్ని అసహ్యాల మధ్య, కొత్త మందు ఒక్కటీ వెయ్యకుండానే దగ్గు తగ్గింది. ఉల్పు తాయిస్తోకి ఫోన్ చేసింది.

"రేపొస్తున్నా. ఇంట్లో అడుగుపెట్టకు. ఇంటికొచ్చాక మళ్ళీ దగ్గొచ్చిందంటే పెరడు కూడా కుదరదు. మూట కట్టుకుని మీ అన్న దగ్గరికి కాయానీ పోవాలి. కుక్కతో సహా."

 "మా అన్నకి కుక్కలంటే పడదు," అన్నాడు అవతల్నుంచి తాయిస్తో.

ఆవిడ వచ్చేసరికి తాయిస్తో సౌనా వెచ్చచేసి ఉంచాడు. పొయ్యి పక్కన ఎర్రటి ప్లాస్టిక్ బకెట్ ఉంది. తండ్రి బాల్చీ మూల బోర్లించి ఉంది, ఎండిపోయి, చెక్కల మధ్య వేలు దూరేంత సందులతో. ఉల్పు కొట్టు గదివైపు వెళ్ళి, దూరం నుంచే అరిచింది. "మా నాన్న బాల్చీని చంపేశావు కదరా దరిద్రుడా!"

"నీళ్ళు పొయ్యాలని గుర్తు లేదు," అన్నాడు తాయిస్తో కిటికీ లోంచి.

బాల్చీ తాడు కట్టి, తీరం వెంట మంచు కరిగిన చోట సరస్సులో ముంచింది ఉల్పు. చెక్క మెల్లగా నీళ్ళు తాగి ఉబ్బి, సందులు మూసుకుంది. ఈలోగా ఎర్ర బకెట్‌ని తిట్టుకుంటూ రోజూ సౌనా చేసింది. దగ్గు రాలేదు. హాయిగా నిద్రపోయింది. చూశావా, మొగుణ్ణి గడప తొక్కనివ్వకపోతే ఎంత ఆరోగ్యమో అని లెంపితో చెప్పింది కూడా. ఆ తర్వాత బాల్చీని పొయ్యి పక్కన పాతచోటే పెట్టి నిండా నీళ్ళు పోసింది. చెక్క బాగా ఊరడానికి ఆ నీళ్ళు కొన్నాళ్ళు అలాగే ఉంచింది. శనివారం సాయంత్రం గరిట ముంచి, రాళ్ళ మీద ధారగా పోసి, పై బల్ల మీద కళ్ళు మూసుకుని గుండెనిండా పీల్చింది. అబ్బ, ఇదీ ఆవిరంటే అనుకుంది.

తెల్లారేసరికి దగ్గీ దగ్గీ పక్కటెముకలు విరిగినట్టున్నాయి. దిండు మీద గళ్ళ మరక. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

లేచి, పళ్ళు నూరుకుంటూ, తాయిస్తో పెట్టె దించింది. చొక్కాలు పొలుసులతో సహా కుక్కేసింది, కుక్క గిన్నె పైన పడేసి మూత బిగించింది. పెట్టె పట్టుకుని రెండు అడుగులకోసారి ఆగి దగ్గుతూ, మంచు బురదలో కొట్టు గదివైపు నడిచింది. సౌనా దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగాయి.

తాయిస్తో ఇంట్లోకి రాలేదు. తను ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గడప తొక్కలేదు. కుక్కా రాలేదు. పైపు వాసన కూడా ఇటు సోకలేదు. మరి తిరిగి వచ్చిందేమిటి?

ఉల్పు పెట్టె మంచు మీద పెట్టి సౌనా తలుపు తీసింది. బాల్చీలో నీళ్ళు ఇంకా సగం ఉన్నాయి, పైకి అద్దంలా తేటగా. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిదాకా ముంచి, అడుగు తడిమింది. జీవితంలో మొదటిసారి.

మెత్తగా, జారుడుగా, చేప లోపలి పొరలా తగిలింది. చెక్కల అతుకుల్లో వేలు పెట్టి లాగితే బంక బంకగా, నల్లపచ్చగా, ముక్కులో చీమిడి సాగినట్టు సాగుతూ వచ్చింది. వాసన చూసింది. ఎన్నేళ్ళుగానో ఆవిడ మురిసిపోయిన ఆవిరి వాసనే, కాకపోతే చచ్చి కుళ్ళిన రూపంలో. దీన్నే రోజూ కాలే రాళ్ళ మీద పోసి, ఆవిరి చేసి, మందని గుండెల్లోకి లాక్కుంది. దీని కోసమే మొగుడి పెట్టె సర్దింది. ఉల్పు సౌనా మెట్ల మీద కూలబడి, పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకుంది. ఊళ్ళో ఎవరిమీదా కలగనంత అసహ్యం ఆవిడకి ఆ ఉదయం తనమీద తనకి కలిగింది.

పెట్టె తిరిగి అటక మీదికి పోయింది. బాల్చీని మాత్రం ఉల్పు రెండు సంచుల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ ఆ బంక ముక్కని, ఉల్పు రక్తాన్ని పరీక్షకి పంపింది. రెండూ కలిశాయి. ఆ నీళ్ళలో ఊరిన బూజుకే ఆవిడ రక్తం ఎదురు తిరుగుతోంది.

"రోజూ సౌనా చేస్తారని సోయిని రాసి పంపితే నేనూ సరే అనుకున్నా. నీళ్ళు ఏ గిన్నెలోవని అడగలేదు," అంది డాక్టరమ్మ, కొంచెం సిగ్గుపడి. "వాపు తగ్గడానికి కొన్నాళ్ళు కార్టిజోన్ మాత్రలు వాడదాం, మెల్లగా తగ్గిస్తూ మానేద్దాం. అసలు మందు మాత్రం ఆ బాల్చీ జోలికి పోకపోవడమే. చాలావరకు తేరుకుంటారు. ముందే పట్టుకున్నాం."

ఉల్పు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఎర్ర బకెట్‌లో అప్పుడే పట్టిన నీళ్ళు పెట్టింది. తర్వాత కొట్టు గది తలుపు తట్టింది. మూడు నెలల్లో ఆ గడప దగ్గరికి రావడం అదే.

తాయిస్తో లోపల మంచం అంచు మీద కూర్చుని ఉన్నాడు. కోటు వేసుకుని, బూట్లు తాళ్ళతో సహా కట్టుకుని. కుక్క మెడకి తాడు వేసి ఉంది. ఉల్పుకి అర్థం కాలేదు.

"ఎక్కడికి బయల్దేరావు?"

"నువ్వే చెప్పాలి. ఆదివారం పెట్టె పట్టుకుని రావడం కిటికీలోంచి చూశా. సౌనా దగ్గర ఆగావు. మళ్ళీ ఎప్పుడొస్తావోనని పగలంతా ఇలా సిద్ధంగానే ఉంటున్నా."

ఉల్పు గోడకి ఆనుకుంది. "నువ్వు కాదు తాయిస్తో. నీ కుక్కా కాదు. బాల్చీ. మా నాన్న బాల్చీ. అడుగున ఇంత మందాన బంక."

తాయిస్తో తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు. ఉల్పు గోడ వదిలి ఓ అడుగు ముందుకేసింది.

"నీకు తెలుసా?"

"దగ్గు దానివల్లని తెలీదు. తెలిస్తే ఊరుకుంటానా? బంక ఉందని తెలుసు. ఎన్నో ఏళ్ళ కిందే ఓసారి గరిట జారి పడితే చెయ్యి పెట్టా. నాకు తిన్నది బయటికొచ్చినంత పనైంది. అప్పట్నుంచే కింది బల్ల మీద కూర్చుంటున్నా, ఆ ఆవిరి మొహానికి తగలకుండా."

"మరి ఒక్క మాట చెప్పలేదేం?"

తాయిస్తో పైపు నోట్లోంచి తీశాడు. "ఉల్పూ, ఈ ఇంట్లో ఏది మురికో చెప్పేది ఎప్పుడూ నువ్వేగా. నా మాట ఎవడు వింటాడు? నేనే మురికి కదా."

 ముర్రి లేచి, వచ్చి, ఉల్పు స్కర్టుకి తడి ముక్కు రాసింది.

"సౌనా వెచ్చబడింది. ఎర్ర బకెట్టే. రా," అంది ఉల్పు. "తర్వాత పరుపు కూడా వేస్తా, ఇంట్లోకి వచ్చెయ్యి."

తాయిస్తో వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు, తీరుబడిగా. "సౌనాకి వస్తా. పై బల్ల మీదే కూర్చుంటా ఇవాళ. పడుకోడానికి మాత్రం ఇక్కడే ఉంటాలే. ఇక్కడ మేజోళ్ళు ఎక్కడ విప్పితే అక్కడే ఉంటున్నాయి. నాకు బాగుంది."

మంచం పక్కన నేలమీద ఆ మేజోళ్ళు ఉన్నాయి, మడమల దగ్గర అట్టకట్టి. బల్ల మీద రొట్టె పొడి, చేప ముల్లు, పైపు బూడిద. ఎప్పట్లాగే ఉల్పు ముక్కు ముడుచుకోబోయింది. చేత్తో ముక్కు గట్టిగా పట్టుకుని, ఆ చేప ముల్లు పక్కనే బల్ల మీద కూర్చుని, ఆయన రెండో బూటు విప్పేదాకా ఎదురుచూసింది.